మాయను కడిగి చూపిన సుగుణ మేడం

స్టీలు ట్రేలో నల్లా నీళ్లు పడే చప్పుడు వింటే ఇప్పటికీ సుగుణ మేడం నా వెనకే నిలబడి ఉన్నారనిపిస్తుంది. ఈ ఉదయం జనగామలో, మా ప్రసూతి వార్డులో, మళ్లీ అలాగే అనిపించింది. నేను మహబూబాబాద్ దవాఖానలో కొత్తగా నర్సుగా చేరినప్పుడు ఆవిడే మా పెద్ద డాక్టరు. కాన్పు కాగానే అందరం బిడ్డ చుట్టూ మూగితే, ఆవిడ మాత్రం బిడ్డ తర్వాత పడే మాయను కడగమనేవారు. నాకేమో ఆకలి, చాయ్ చల్లారిపోతోందన్న విసుగు. "చాయ్ ఏడికి పోదమ్మా, ముందు గిది చూడు" అంటూ, బొడ్డుతాడు దగ్గర మొదలై చెట్టువేళ్లలా విచ్చుకున్న రక్తనాళాలను వేలితో చూపించేవారు. అవి సరిగా అల్లుకోకపోతే కడుపులో బిడ్డ ఎదగదు, తల్లికి బీపీ ఎక్కుతుంది. ఆ ముక్క పుస్తకంలో చదివి పాసయ్యాను గానీ, నాకు అర్థమైంది ఆ ట్రే ముందే.

దంతాలపల్లి నుంచి స్వరూప ఆ రోజుల్లోనే వచ్చింది. ఆమెకు తొలిచూలు బిడ్డ ఏడో నెలలో దక్కకుండా పోయింది. గ్రహణం నాడు బయట తిరిగినందుకే అలా జరిగిందని అత్త లచ్చవ్వ ఊరంతా చెప్పింది. ఈసారీ పోతే కోడలిని పుట్టింట్లో దింపి వస్తానని మా ముందే అనేది. ఈసారి కూడా కాళ్లు వాచాయి, బీపీ పెరిగింది. బిడ్డకు నెత్తురు తక్కువగా అందుతోందని స్కానింగులో తేలింది. మేడం ఇక ఆగలేదు, నెలలు నిండకముందే ఆపరేషన్ చేశారు. గుప్పెడంత ఆడపిల్ల. అయినా గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను.

పాతిపెట్టుకోవడానికి మాయ ఇమ్మని లచ్చవ్వ వచ్చింది. మామూలుగా మూతపెట్టిన డబ్బాలో ఇచ్చేస్తాం. ఆ రోజు మేడం ఆమెను ట్రే దగ్గరికి పిలిచారు.

"చూడు అవ్వా, ఎంత చిన్నగున్నదో. గీ తెల్లగ గట్టిపడ్డ కాడికి నెత్తురు రాలే. మడి చివరికి నీళ్లు పారకుంటే ఏమైతది?"

"ఎండుతది."

"మరి పైరును తిడుతవా?"

లచ్చవ్వ ట్రే మీదికి వంగింది. "ముందటి పిల్లకు గూడ గిట్లనే అయిందా?" అని అడిగింది.

"గప్పుడు నేను చూడలే. అయ్యుండొచ్చు. గ్రహణంతోటి మాత్రం కాదు."

"ఉన్నదాంట్లనే పిల్లను సాదింది, పాపం" అంది లచ్చవ్వ మాయను చూస్తూ. నేను మాయను పెట్టిచ్చిన డబ్బాను కొంగులో పొదివి పట్టుకుని నేరుగా కోడలి మంచం దగ్గరికి వెళ్లింది. "నీ తప్పేం లేదు బిడ్డా. నా కండ్లతోటి చూసిన" అంది. స్వరూప ముఖం గోడవైపు తిప్పుకుంది. చెయ్యి మాత్రం అత్త చేతిలోనే ఉంచింది.

మేడం రిటైరయ్యారు. ఫోన్ చేస్తే ముందుగా "చాయ్ తాగినవా?" అని ఆటపట్టిస్తారు. ఈ ఉదయం ట్రేలో మాయను కడిగి తల ఎత్తేసరికి, నెలలు నిండకుండానే కాన్పయిన కోడలి మీద గొణుక్కుంటూ ఒక అత్త గుమ్మంలో నిలబడి ఉంది. బల్ల మీద నా చాయ్ చల్లారుతోంది.

"అవ్వా, జర ఇటు రా" అన్నాను.