పుర్రచేతి మూత

పొద్దున్న లేవగానే ఇల్లంతా ఒక చుట్టు తిరిగి మూతలు పెట్టుకుంటూ రావడం నా మొదటి పనిగా ఉండేది. స్నానాల గదిలో పళ్ళపేస్టు నోరు తెరుచుకుని ఉండేది. దాని మూత కిటికీ గట్టు మీదో, ఒక్కోసారి ఆయన చొక్కా జేబులోనో దొరికేది. తలనూనె సీసా, మంచినీళ్ళ సీసా, చక్కెర డబ్బా, సబ్బుపొడి డబ్బా, అన్నీ ఆకాశం చూస్తూ పడి ఉండేవి. మా ఆయన ముట్టుకున్న వస్తువుకి మళ్ళీ మూత పడేది కాదు. పైగా ఆయన పని మూతలు చెయ్యడం. తిట్టుకుంటూ అన్నీ ఏరుకొచ్చి పెట్టేదాన్ని.

ఇప్పుడూ లేస్తూనే ఆ చుట్టు తిరుగుతున్నాను. కాళ్ళు వాటంతటవే వెళతాయి. పేస్టుకి మూత ఉంటుంది. చక్కెర డబ్బాకి మూత ఉంటుంది. ముందురోజు నేనెలా పెట్టానో అన్నీ అలాగే ఉంటాయి. వంటింటి గట్టు దగ్గరికి వచ్చి ఆగిపోతాను. అక్కడ నూనెసీసా ఒక్కటే తెరిచి ఉంటుంది. దాని సంగతి చెప్పాలంటే ఆయన సంగతి మొదటినుంచీ చెప్పాలి.

ఆయన పనిచేసింది సొంత అన్నగారి దగ్గరే. మా బావగారిది సీసా మూతల ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అంటే పెద్దదేం కాదు, ఒక రేకుల షెడ్డు. ప్లాస్టిక్ గింజలు కరిగించి అచ్చులో పోస్తే మరలోంచి మూతలు వేడివేడిగా రాలిపడేవి. ఆ అచ్చులు చేసేది మా ఆయన. షెడ్డులో అందరూ ఆయన్ని 'బిరడా' అనేవాళ్ళు. బావగారు చిన్నప్పుడు పెట్టిన పేరే అది, నోట్లోంచి మాట రాదని. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి అసలు పేరు తెలియక, పాపం, "బిరడాగారూ" అని మర్యాదగా పిలిచేవాళ్ళు.

"ఇంట్లో అయినా మాట్లాడతాడా?" అని మా తోడికోడలు అడిగేది.

"మాట్లాడకేం అక్కయ్యా? 'అన్నం' అంటారు, తర్వాత 'చాలు' అంటారు."

"అదృష్టవంతురాలివే. మా ఆయన నోటికి బిరడా పెడదామంటే ఆ సైజు ఎక్కడా దొరకట్లేదు."

ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం. అప్పట్లో అంత చనువుండేది.

ఒకరోజు నేను వంట చేస్తుంటే నూనెసీసా మూత చేతిలోంచి జారి పొయ్యి కిందకి దొర్లింది. వంగి వెతికేలోపు బాణలిలో ఉల్లిపాయలు నల్లగా మాడిపోయాయి. ఆయన వెనకే పీట మీద కూర్చుని ఉన్నారు. కోపంలో నోటికొచ్చింది అనేశాను.

"ఊరందరికీ మూతలు చేసిపెడతారు. సీసాని వదిలి పారిపోని మూత ఒక్కటి చెయ్యడం చేతకాదు!"

ఆయన కంచం ముందుకి లాక్కున్నారు. ఆ మాడిన కూరే తిని వెళ్ళారు. మర్నాడు వంట వేళకి షెడ్డునుంచి వచ్చేశారు. పిండి కలుపుతుంటే అందులోంచి ఒక ముద్ద తీసి, ఖాళీ సీసా మెడ చుట్టూ మందంగా అద్ది నా ముందు పెట్టారు.

"పట్టుకో."

"పొయ్యి మీద కూరుంది."

"అందుకే. కూరున్నప్పుడు ఎలా పట్టుకుంటావో అలాగే పట్టుకో."

ఒక చేత్తో బాణలి పట్టుకుని, రెండో చేత్తో సీసా ఎత్తాను. నా వేళ్ళూ బొటనవేలూ పిండిలో దిగబడ్డాయి. ఆయన ఆ సీసాని పసిబిడ్డని అందుకున్నట్టు అందుకుని, ఎండలో పెట్టి, ఎండాక రుమాల్లో చుట్టుకుని తీసుకుపోయారు. పిండి దండగైందని సణిగాను. మా ఇంట్లో పసిబిడ్డ ఎన్నడూ లేదు. అందుకేనేమో తర్వాత తోడికోడలు, "మీకు పిల్లలు లేకపోతేనేం, మూతలున్నాయిగా" అని అనగలిగింది. అది వేళాకోళమో ఎత్తిపొడుపో ఆమెకే తెలియాలి.

ఆయన చేసిన మూత ఇలా ఉండేది. కింది భాగం సీసా మెడని గట్టిగా కరుచుకుని ఉంటుంది. లాగినా పీకినా ఊడిరాదు. పై భాగం దానిమీదే తిరుగుతుంది తప్ప విడిపోదు. పైదాని అంచున చిన్న చెవి ఉంటుంది. సీసా పట్టుకున్న చేతి బొటనవేలితోనే ఆ చెవిని పావు చుట్టు తోస్తే, పై కన్నమూ కింది కన్నమూ ఎదురెదురుగా వచ్చి నూనె సన్నటి ధారగా దిగుతుంది. చెవిని వెనక్కి లాగితే ధార టక్కున ఆగుతుంది. రెండో చెయ్యి అవసరమే లేదు. అచ్చుకి ముందు చెక్కతో చేశారు, తర్వాత మైనంతో. చేసిన ప్రతిదీ ఇంటికి తెచ్చి నా చేతికిచ్చేవారు. "బిగుసుగా ఉంది" అంటే సానపట్టి తెచ్చేవారు. "కారుతోంది" అంటే రెండు రోజులు అన్నం సయించేది కాదు. చివరికి ఒకనాడు వంట చేస్తూ చేస్తూ, మూత సంగతే మర్చిపోయి నూనె పోసేసుకున్నాను. అది చూసి ఆయన నవ్వారు. నోరు తెరిచి, పళ్ళు కనబడేలా.

బావగారు ఆ మూత చూసి ఎగిరి గంతేశారు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా దాన్ని బల్లమీద పెట్టి రెండు చేతులతో తిప్పి చూశారు. తిరిగింది, మూసుకుంది, ఊడలేదు. "ఒరేయ్ బిరడా, ఈ మూత నిలబడిందా, షెడ్డు బోర్డు మీద నా పేరు పక్కన నీ పేరు రాయిస్తాను. ఇకనుంచి నువ్వు పనివాడివి కాదు, నాతో సమానం" అన్నారు. అన్నట్టే బోర్డు రాసేవాణ్ణి పిలిపించి, తన పేరు మళ్ళీ కొత్తగా రాయించి, పక్కన చోటు వదిలించారు. బేరం కుదిరిన రోజున అందులో రెండో పేరు పడాలి. ఆయన రోజూ షెడ్డుకి వెళ్తూ ఆ ఖాళీని ఒకసారి తలెత్తి చూసేవారని కాపలా ముసలాయన నాతో చెప్పాడు. ఆయన తన నోటితో చెప్పలేదు గానీ ప్రాణమంతా ఆ చోటులో ఉంది.

బేరానికి వచ్చింది నూనెల వ్యాపారి. పెద్ద మనిషి, తెల్లటి చొక్కా. ఆ రోజు నన్నూ రమ్మని కబురుపెట్టారు. ఆడమనిషి చేతిలో చూపిస్తే బేరం తేలిగ్గా తెగుతుందని బావగారి ఆలోచన.

"చూడండి సార్, ఒంటిచేత్తో వ్యవహారం. ఏమ్మా, చూపించు" అన్నారు బావగారు.

నేను సీసా ఎత్తాను, చెవి తోశాను, గిన్నెలో ధార పడింది, ఆపాను. ఒక్క చుక్క పక్కకి పోలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన గోడకి ఆనుకుని నా చేతినే చూస్తున్నారు.

"ఏదీ, ఇటివ్వండి" అని వ్యాపారి సీసా అందుకున్నాడు. బొటనవేలితో చెవిని తోశాడు. కదల్లేదు.

"కొత్తది కదండీ, కొంచెం బిగువుంటుంది. గట్టిగా తొయ్యండి" అన్నారు బావగారు.

గట్టిగా తోశాడు. చెవి పుటుక్కున విరిగింది. ఆ విసురుకి సీసా నొక్కుకుపోయి, మూత సందులోంచి నూనె చిమ్మి తెల్ల చొక్కా నిండా పడింది. ఇంకో సీసా ఇచ్చారు. దాని చెవీ విరిగింది. మూడోది అతను ముట్టుకోలేదు.

బావగారు సీసా చూశారు, వ్యాపారి చెయ్యి చూశారు. తర్వాత నా వైపు తిరిగి నా చెయ్యి చూశారు.

"ఓహో! అదీ సంగతి. అమ్మాయ్, నీది పుర్రచెయ్యి కదూ?"

అప్పటిదాకా నాకూ తట్టలేదు. నేను పోసింది ఎడమచేత్తో. పుట్టిన దగ్గరనుంచీ నాది ఎడమచేతి వాటమే. నా బొటనవేలు ఎటు తోస్తే అటు తెరుచుకునేలా ఆయన ఆ చెవిని పెట్టారు. కుడిచేత్తో పట్టుకున్నవాడు తోస్తే అది ఇంకా మూసుకోవాలని చూస్తుంది, మూసుకోవడానికి చోటులేక విరుగుతుంది. బల్లమీద రెండు చేతులతో తిప్పినన్నాళ్ళూ ఆ తేడా ఎవరికీ తెలియలేదు.

"పెళ్ళాం పుర్రచేతికి కొలత తీసి లోకానికి మూత చేశాడురా వీడు!" అన్నారు బావగారు. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారని ఊరికే అన్నారా!"

షెడ్డంతా గొల్లుమంది. వ్యాపారి కూడా చొక్కా దులుపుకుంటూ నవ్వాడు. "పోనీలెండి, పుర్రచేతివాళ్ళ కోసం ఒక కొట్టు తెరుస్తాను" అన్నాడు. చూడ్డానికి వచ్చిన తోడికోడలు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

మా ఆయన నవ్వలేదు, తలా దించుకోలేదు. నా ఎడమచేతినే చూస్తూ నిలబడ్డారు, దాన్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు. నేను ఎడమచేతిదాన్నని ఆయనకి తెలియదని అనుకోను. ఒకే కంచం దగ్గర, ఒకే వంటింట్లో ఇన్నేళ్ళు బతికిన మనిషికి తెలియకేం. కాని ఆయనకి చెయ్యి అంటే అదే. అది కుడా ఎడమా అని ఆలోచించే అవసరం ఎన్నడూ రాలేదు.

"అన్నయ్యా, చెవి అటునుంచి ఇటు మార్చితే సరిపోతుంది. నేను మార్చిస్తాను" అన్నారు. ఆ షెడ్డులో ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"నువ్వు చేసింది చాల్లే నాయనా. నీ పెళ్ళాం కాలికి కొలత తీసి ఇంకేం చేస్తావో" అన్నారు బావగారు.

అచ్చు బయట మేస్త్రీకి ఇచ్చారు. అతను చెవిని ఇటు తిప్పి పెట్టాడు, అంతే. మిగతాదంతా ఆయన చేసిందే. నూనెల వ్యాపారి మళ్ళీ వచ్చాడు, బేరం కుదిరింది. బోర్డు మీద ఆ ఖాళీలో పేరు రాయలేదు. అందమైన మూత బొమ్మ వేయించారు, చెవి కుడివైపుకి పెట్టి మరీ.

ఆయన్ని తుక్కు మర దగ్గర వేశారు. పనికిరాని ప్లాస్టిక్‌ని మళ్ళీ గింజలుగా నూరే మర అది. మొదట నూరమన్నవి బేరం కోసమని ముందే పోసిపెట్టిన ఆ ఎడమచేతి మూతలే. గోనెసంచులు విప్పి, దోసిళ్ళతో మరలో పోశారట. ఒక్కటి జేబులో వేసుకొచ్చి, మా నూనెసీసాకి బిగించి, గట్టుమీద పెట్టి, "అన్నం" అన్నారు. ఆ తర్వాత "చాలు" అనడం కూడా తగ్గింది. కంచం నెట్టేసేవారు, అంతే. మరలోంచి కొట్టే దుమ్ముకి ఎప్పుడూ దగ్గు. మరని తిప్పీ తిప్పీ వేళ్ళ కణుపులు వాచేవి. పొద్దున్నే ఆ సీసాలో నూనె నాలుగు చుక్కలు వేళ్ళకి రాసుకుని, అలవాటుగా తెరిచిపెట్టి వెళ్ళిపోయేవారు. నేను మూసేదాన్ని.

ఒకనాడు నేను మూయకముందే షెడ్డునుంచి మనిషి పరిగెత్తుకొచ్చాడు. తుక్కు మర పక్కన కూర్చుని ఇక లేవలేదట. గుండె అన్నారు డాక్టర్లు. నేను ఉన్న చీరతో పరిగెత్తాను. అన్నీ అయ్యాక ఇంటికొచ్చి వంటింట్లోకి వెళితే సీసా తెరిచే ఉంది. మూత కిందపడలేదు, ఎటూ దొర్లిపోలేదు. దాని చోటులో అదే ఉంది, చెవి మాత్రం పక్కకి తోసి ఉంది.

మొన్న బావగారూ తోడికోడలూ కొత్త సీసాల పెట్టెతో వచ్చారు. ఇప్పుడా మూత ప్రతి కొట్టులోనూ దొరుకుతోంది. బావగారు కుర్చీ అంచున కూర్చుని గొంతు సవరించుకున్నారు.

"వాడి మూతేనమ్మా ఇది. వాడుంటే ఎంత సంతోషపడేవాడో. ఎల్లుండి పొద్దున్న ఫోటోవాళ్ళని తీసుకొస్తాను. 'మా ఇంటి వంటగదిలో పుట్టిన మూత' అని ప్రచారం కాగితాల మీద వేస్తారు. నువ్వు పొయ్యి దగ్గర నిలబడి నూనె పోస్తున్నట్టుంటే చాలు."

"ఆయన పేరు వేస్తారా, బావగారూ?"

"పేర్లెవరు చదువుతారమ్మా? బొమ్మ చూస్తారు."

తోడికోడలు అప్పటికే వంటింట్లో ఉంది. "ఏవమ్మోయ్, ఈ పాత సీసా ఇక్కడెందుకే? ఈగలు పడతాయి, మూసెయ్. మూసెయ్యడం కాదు, తీసి పారెయ్యి. దీని కింద నూనె చూడు, చుట్టూ ఎలా జిడ్డు కట్టిందో. ఫోటోలో పడితే పరువు పోతుంది. ఆ, ఇంకోటి, సీసా కుడిచేత్తో పట్టుకోవాలి సుమా."

"నాకు ఆ చేత్తో రాదక్కయ్యా."

"నిజంగా పొయ్యక్కర్లేదులేవే. పట్టుకుని నిలబడితే చాలు, ఫోటోయేగా."

వాళ్ళు వెళ్ళాక కొత్త సీసా ఒకటి తీసి, ఎడమచేత్తో పట్టుకుని చెవి తోశాను. పుటుక్కుమంది.

ఈ పూటే ఫోటోవాళ్ళు వస్తారు. తెల్లారిన దగ్గరనుంచీ వంటిల్లు కడిగాను. పొయ్యి తోమాను, గోడమీద మసి గీకాను, కిటికీ ఊచలు ఒక్కొక్కటే తుడిచాను, గట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా రుద్దాను. ఆ సీసా దగ్గరికి వచ్చేసరికి గుడ్డ ఆపేశాను. దాని చుట్టూ తుడుచుకుంటూ వెళ్ళాను. కింద జిడ్డు చుట్టు అలాగే ఉంది. సీసాని పొయ్యి పక్కన, నేను నిలబడే చోటికి సరిగ్గా ఎదురుగానే ఉండనిచ్చాను. మూత మూయలేదు.