నంద్యాలలో మా చెల్లెలి ఇంటి బల్బులు

దసరా సెలవులకు ఇంటికి రానని మనవరాలు పద్మ కబురు చేసింది. అందుకే నేను నంద్యాల బయలుదేరాను. పద్మ నా కొడుకు కూతురు, మా చెల్లెలు లక్ష్మమ్మ ఇంట్లో ఉండి నంద్యాల హైస్కూల్లో చదువుతోంది. ఎందుకు రాదని కబురు తెచ్చినవాణ్ణి అడిగితే, "ఆడ కరెంటు దీపముందంట. ఈడ కిరసనాయిలు బుడ్డి పొగకు కండ్లు మండి చదివేకి కాదంట" అన్నాడు. నేను నా చేతులతో పెంచిన పిల్లను ఒక గాజు బల్బు చూపించి మా చెల్లెలు లాక్కుందని కడుపు రగిలిపోయింది. మా పక్కనున్న బియ్యం మిషను ఆసామిని బతిమాలి, వాళ్ల ఆయిలు ఇంజనుకు తగిలించిన డైనమో నుంచి గోడ మీదుగా తీగ లాగించుకుని మా నడవలో ఒక బల్బు పెట్టించాను. మిషను ఆడినంతసేపూ అది వెలుగుతుంది.

ఆ పని అయ్యాక మా ఆళ్లగడ్డలో పొద్దున ఏడు గంటల బస్సు ఎక్కాను. టికెట్టు ముప్పావలా. సిరివెళ్ల మీదుగా ఆగి ఆగి పోయేసరికి రెండు గంటలు పట్టింది. తలుపుకు గొళ్లెం వేశానా, బర్రెకు నీళ్లు పెట్టానా, బల్బు ఊడి నడవలో పడి పగిలిందేమో, ఒకటే దిగులు. దారిలో నిండుగా పారుతున్న కాలవ కనపడేసరికి ఇంకో దిగులు పట్టుకుంది. నంద్యాల కరెంటు తుంగభద్ర డ్యాము నీళ్లతో తీస్తారట. ఆ నీళ్లే ఈ కాలవలో మా మడికి వస్తాయి. డ్రైవరు వెనకే కూర్చున్నాను కాబట్టి అడిగాను.

"అప్పా, పైన కరెంటు తీసినాక ఈ నీళ్లలో ఇంక సత్తువుంటాదా?"

"నీళ్లు చక్రాన్ని నూకి ముందుకు పోతాయవ్వా, అంతే. గానుగ తిప్పితే ఎద్దు కరిగిపోతాదా ఏంది?"

"కరగదులే గానీ చిక్కిపోతాది" అన్నాను. బస్సంతా నవ్వింది. నాకు మాత్రం మా పైరు పోయినేడు ఎందుకు పాలిపోయిందో అప్పుడు అర్థమైనట్టనిపించింది.

బస్టాండు నుంచి జట్కా చేసుకుని పోయాను. పగలంతా మా చెల్లెలు పప్పు, పాయసం పెట్టి బాగానే చూసుకుంది. పొద్దుగూకగానే మొదలుపెట్టింది. గోడ మీది నల్లబొత్తాం టక్కున నొక్కి, వెలిగిన బల్బుకు దండం పెట్టి నా వైపు చూసింది. వంటింట్లో ఒకటి, వసారాలో ఒకటి, చివరికి బర్రెల కొట్టంలో కూడా ఒకటి. దాని బర్రె వెలుతురులో నెమరేస్తుంటే ఆ బర్రెను చూసి కూడా కుళ్లుకున్నాను.

"మా ఇంట్లోనూ బల్బుందిలే" అన్నాను.

"ఆయిలు ఇంజనుదా అక్కా? కూట్లో కూడా కిరసనాయిలు వాసనొస్తాదేమో చూసుకో!" అంది చెల్లెలు.

పద్మ పుస్తకం మూసింది. "నిజంగా ఉందా జేజీ? ఎంతసేపు వెలుగుతాది?"

"నువ్వు చదివినంతసేపు" అనేశాను.

"వస్తా. ఒక్కరోజు వెలగలేదో, మర్నాడే బస్సెక్కి చిన్నజేజి దగ్గరికొచ్చేస్తా."

మర్నాడు మధ్యాహ్నం బస్సుకు ఇద్దరం ఆళ్లగడ్డ చేరాం. పొద్దు దిగుతున్నా మిషను చప్పుడు లేదు. పరుగున పోతే ఆసామి మంచమ్మీద పడుకుని ఉన్నాడు.

"కొత్త పంట ఇంకా కోతకే రాలేదు, ఎవరింట్లో వడ్లుండాయవ్వా ఆడించేకి? నీ బల్బు కోసరం ఉత్త ఇంజను తిప్పితే ఆయిలెవరు పోస్తారు?"

"వడ్లు నేను తెస్తే?"

"తెస్తే ఆడిస్తా."

దొడ్డిదారిన ఇంటికొచ్చాను. కొత్త పంట దాకా దాచుకున్న గాదె తెరిచి, జీతగాడి చేత ఒక మూట పంపించాను. ఇంజను దబదబలాడింది. బల్బు ముందు నిప్పుకణంలా ఎర్రబడి, తరువాత తెల్లగా తేలింది. ఇంజను దెబ్బ దెబ్బకూ వెలుతురు ఊపిరి పీల్చినట్టు ఊగేది. ఆ ఊగే వెలుతురులోనే పద్మ చదువుకుంది. ఇక రోజూ సాయంత్రం పద్మకు తెలియకుండా వడ్లు పోతూనే ఉన్నాయి. ఇంట్లో కుండలన్నీ బియ్యంతో నిండాయి, పురుగు పడుతుందేమోనని ఆ దిగులొకటి.

ఒక సాయంత్రం బల్బు ఎర్రబడసాగింది. పద్మ పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు.

"జేజీ, మూట అయిపోవస్తాండాది. ఇంకోటి పంపు. ఈ కథ సగంలో ఉండా."

"నీకెట్ట తెలుసే?"

"ఇద్దరికి ఇన్ని కుండల బియ్యమా? చిన్నజేజిది నీళ్ల కరెంటు, నీది వడ్ల కరెంటు!"

పద్మ సెలవులన్నీ అయ్యాకే తిరిగి పోయింది. నంద్యాలలో బొత్తాం నొక్కితే వెలుగుతుంది, ఎవరూ గాదె తెరవక్కర లేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కుళ్లే. అయినా ఆ పిల్ల నా బల్బు కింద కూర్చుంది కదా అనుకుని ఉత్త గాదెకు మూత వేశాను. ఈ మధ్య మా చెల్లెలు కూడా నా బల్బు చూసిపోవడానికి వస్తానని కబురంపింది. దానికైనా, ఈ దారిన వచ్చే మీకైనా ఒకటే చెబుతున్నాను: పొద్దుటి బస్సులో నంద్యాల పోయేటప్పుడు ఎండ తగలకుండా ఎడమ పక్కన కూర్చోండి, కోతలకు ముందు ఆళ్లగడ్డలో మా బల్బు చూడాలంటే మాత్రం ఒక మూట వడ్లు వెంట తెచ్చుకోండి.