నలభై అడుగులు

నా నోరు మంచిది కాదు. ఇంట్లో అందరికీ తెలుసు, మా అక్కకు మరీ బాగా తెలుసు. కానీ ఆ ఒక్క రోజు నేను మంచే మాట్లాడాను. కొంప ముంచింది ఆ మంచి మాటే.

మా అక్క కట్టుడుపళ్ళు తయారుచేసేది. ఇరవై ఆరేళ్ళు ఒకే ల్యాబ్‌లో, ఒకే కిటికీ పక్కన కూర్చుని, గులాబీరంగు మైనంలో ఒక్కొక్క పన్నూ కూర్చేది. అక్కడ అందరూ ఆమెను పళ్ళక్క అనేవారు. ఎవరి దవడ అచ్చు చేతికిచ్చినా అటూ ఇటూ తిప్పి చూసి, "ఈయన ఒక పక్కే నములుతాడు. బాగున్న పక్క మీద భారమంతా వేస్తే అది మాత్రం ఎన్నాళ్ళుంటుంది?" అనేది. తన కాళ్ళ సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు.

చిన్నప్పుడు జ్వరమొచ్చి కుడికాలు చచ్చుబడింది. మా అమ్మ గుమ్మం నుంచి కిటికీ దాకా సుద్దముక్కతో గీత గీసి, దాని మీద నడిపించేది. నలుగురిలో నడుము నిలబెట్టమనేది, కుంటాలనిపిస్తే ఇంటికొచ్చి కుంటమనేది. అక్క ఆ మాట జవదాటలేదు. బయట తిన్నగా నడిచేది, లోపలికి రాగానే గోడ పట్టుకునేది. ఆ గోడ పట్టుకునే మనిషిని ఇంట్లోవాళ్ళం తప్ప ఎవరూ చూడలేదు.

వికలాంగుల కార్డు ఉండబట్టే ఆమె ఉద్యోగం సాగింది. కారుకు చేత్తో వేసే బ్రేకు, యాక్సిలరేటరు బిగించడానికి ఖర్చు ప్రభుత్వమే ఇచ్చింది. నెలనెలా పెట్రోలుకు సాయం వచ్చేది. అన్నిటికన్నా ముఖ్యం, ల్యాబ్ గుమ్మం ఎదురుగా కార్డున్నవాళ్ళకని వదిలిన చోట కారు ఉచితంగా పెట్టుకునేది. క్లచ్ మాత్రం బాగున్న ఎడమకాలితోనే తొక్కేది. కార్డు లేకపోతే మార్కెట్ వెనక ఆపాలి. అక్కడి నుంచి ఎత్తు రోడ్డు, ఆపైన మెట్లు.

నాలుగేళ్ళకోసారి కార్డు మార్చుకోవాలి. అంతకుముందు కాగితాలు చూసి ఇచ్చేసేవారు. ఈసారి డాక్టరు ఎదుట నడిచి చూపించాలన్నారు. అక్క ముందురోజే బట్టలు ఇస్త్రీ చేసి పెట్టుకుంది. పరీక్షకు వెళ్ళే పిల్లలా ఉంది ఆమె వాలకం. నలుగురిలో బాగుండదని చేతికర్ర కార్లోనే వదిలేసింది. నేనైనా తెమ్మనాలి కదా? అనలేదు. పైగా, మా పరువు తీయకుండా బాగా నడువు అని వేళాకోళమాడాను.

ఆసుపత్రి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నలభై అడుగులు. అక్క నడుము నిలబెట్టి, పళ్ళు బిగించి, ఎక్కడా ఆగకుండా నడిచింది. బాగా నడుస్తున్నారే అన్నాడు డాక్టరు. అక్క మొహం చేటంత అయింది. నేను ఊరుకోవచ్చుగా!

"మా అక్క ఇంతవరకు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు డాక్టరుగారూ" అన్నాను.

ఆయన అదీ రాసుకున్నాడు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. సాయం లేకుండా నడవగలరు కనుక కార్డూ, పెట్రోలు సాయమూ రద్దు. మళ్ళీ అర్జీ పెట్టాలంటే ఏడాది ఆగాలి. నేను ఆ ఆఫీసుకు వెళ్ళి నోటికొచ్చినట్టు అరిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? గుమస్తా నా మాటే నాకు చదివి వినిపించాడు.

వచ్చే ఏడు కాస్త ఎక్కువ కుంటి చూపించమన్నాను. "ఉన్న అవిటితనం చాలదా, దానికి నటన కూడానా?" అంది అక్క.

ఆ రోజు నుంచి మార్కెట్ వెనక కారు పెట్టి, ఆ ఎత్తు ఎక్కి పనికి వెళ్ళింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎడమ మోకాలు వాచి ఉండేది. నేను కాపడం పెడుతూ పని మానేయమని తిట్టేదాన్ని. మానేసి నీ తిట్లు రోజంతా వినాలా అనేది. చలికాలం చివర్లో మెట్ల మీద పడిపోయింది. పడ్డప్పుడు కూడా, చుట్టూ జనం ఉన్నారని ఎవరి చెయ్యీ అందుకోకుండా తనే లేవబోయిందట. ఆ మోకాలు ఇక బాగుపడలేదు. క్లచ్ తొక్కే కాలు పోయింది, దాంతోపాటే ఉద్యోగమూ పోయింది.

రెండోసారి ఆ వరండాలోకి అక్కను చక్రాల కుర్చీలో తోసుకెళ్ళాను. డాక్టరు లేవమని కూడా అనలేదు. అన్నీ మంజూరు చేశాడు.

కార్డు చేతికొచ్చిన రోజు ల్యాబ్ చూసొద్దామంది అక్క. నేనే నడిపాను. కార్డు అద్దం ముందు పెట్టి, గుమ్మం ఎదుటి పాత చోటులోనే కారు ఆపాను. లోపల కిటికీ పక్కన, ఆమె కుర్చీలో, ఎవరో అమ్మాయి తల వంచుకుని పని చేసుకుంటోంది. దిగుదామా అని అడిగితే వద్దంది. చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది. ఆ రోజు కర్ర చేతికిచ్చి, నా నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. తప్పంతా నాదేనక్కా అని స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాను.

అక్క నా వైపు తిరగలేదు.

"ఆ రోజు బాగా నడిచాను కదే?" అంది.

"బాగా నడిచావక్కా" అన్నాను.