బెర్నీ కంటి తూకం

హెరన్ పాయింట్ పార్కులో జుట్టు నెరిసేదాకా ఉండిపోయినవాళ్ళం ఇద్దరమే. ఒకడిని నేను, చక్రాలకు గ్రీజు పూసే డువైన్ ని. రెండో మనిషి బెర్నడీన్ హ్రుస్కా, ఊరందరికీ బెర్నీ. పార్కు యజమానులు మారినప్పుడల్లా పాత కుర్చీలు, ఐస్‌క్రీం యంత్రాలతో పాటు మేమిద్దరం కూడా కొత్తవాడి చేతికి వెళ్ళేవాళ్ళం. ఏ కొత్తవాడూ మమ్మల్ని చూసి సంతోషించిన పాపాన పోలేదు.

బెర్నీ నడిపే రైడు పేరు వాలై. మా ఈరీ సరస్సులో దొరికే చేప పేరు అది. బండి ముక్కుకు రెండు కనుగుడ్లు గీశారు కాబట్టి చేప అనుకోవాలి, లేకపోతే పసుపుపచ్చ నీళ్ళతొట్ల వరుసలా ఉంటుంది. మామూలు రోలర్ కోస్టర్ ఊరంతా చుట్టి బయల్దేరిన చోటికి చేరుతుంది. వాలైకి అంత ఓపిక లేదు. ముందుకు విసిరితే గుండ్రటి చుట్టులో ఒకసారి తలకిందులై, ఎదురుగా ఆకాశంలోకి నిలబెట్టిన పట్టా మీదికి పాకుతుంది. అక్కడ పట్టా అయిపోయిందని తెలిసి వచ్చిన దారినే వెనక్కి జారుతుంది. మళ్ళీ అదే చుట్టు, ఈసారి వీపు ముందుకు పెట్టి. ప్లాట్‌ఫాం దాటి వెనకాల ఉన్న ఎత్తెక్కి, ఊపు తగ్గాక దిగొచ్చి ఆగుతుంది. ఎక్కడికీ వెళ్ళకుండా తిరిగి రావడానికి గంటసేపు ఎండలో నిలబడే జాతి మాది.

ఇలా వెళ్ళి వచ్చే బళ్ళలో చాలా రకాలున్నాయి. కొన్నిటికి గోపురంలోంచి పెద్ద దిమ్మను కిందికి వదులుతారు, ఆ దిమ్మ పడే ఊపుకు బండి లేచిపోతుంది. కొన్నిటిని తోక పట్టుకుని వెనక్కి కొండెక్కించి వదిలేస్తారు. పక్క కౌంటీలో ఉన్నది అదే, తల అటూ ఇటూ కొట్టుకుని ఎక్కినవాళ్ళందరూ చెవులు పట్టుకుని దిగుతారు. ఇప్పుడు వచ్చేవన్నీ అయస్కాంతాలవి. ముందుకోసారి, వెనక్కోసారి, మళ్ళీ ముందుకోసారి ఊపి పంపిస్తాయి, చప్పుడు కూడా చెయ్యవు. చప్పుడు చెయ్యని రైడు ఎందుకో నాకు అర్థం కాదు. మా వాలైది ఇనప చక్రం. షెడ్డులో ఏనుగంత చక్రాన్ని మోటారు తిప్పుతూ ఉంటుంది. క్లచ్ పడగానే ఆ చక్రం ఊపంతా తాడుకు ఎక్కి బండిని గిరాటేస్తుంది.

బెర్నీ పని ఉండేది ఇక్కడే. చక్రం ఎంత జోరుగా తిరగాలన్నది ఎక్కిన జనం బరువును బట్టి ఉంటుంది. బరువు బండికి ఊపు చాలకపోతే చుట్టు సగంలో మనసు మార్చుకుని వెనక్కి దొర్లుతుంది. తేలిక బండికి ఊపు ఎక్కువైతే ఎదుటి పట్టా మీద ఎర్రగీత దాటిపోయి అక్కడి బ్రేకుకు చిక్కుతుంది. దాన్ని దింపడానికి నేను నిచ్చెనెక్కాలి, పైన ఇరుక్కున్నవాళ్ళ తిట్లు వినాలి. బెర్నీ కంటే ముందున్నవాళ్ళు ఎక్కేవాళ్ళని బరువెంతని అడిగేవారట. మా ఊళ్ళో డాక్టరుకే ఎవరూ నిజం చెప్పరు. బెర్నీ అడగలేదు. మెట్లెక్కి వచ్చే మనుషుల్ని బూత్ కిటికీలోంచి అలా చూసేది, మీట కాస్త అటో ఇటో తిప్పేది, అంతే.

ఆ కంటికి సెలవు లేకపోవడమే చిక్కు. చర్చిలో పూజ అయ్యాక ఫాదర్ చెయ్యి పట్టుకుని, "ఉపవాసాల్లో ఆరు పౌండ్లు పెరిగారు ఫాదర్, దేవుడు చల్లగా చూస్తున్నాడు," అంది. మేనల్లుడి పెళ్ళిలో కొత్త పెళ్ళికూతుర్ని ఎగాదిగా చూసి, "నూట నలభై తొమ్మిది, గౌను కాకుండా," అంది. ఆ పెళ్ళికూతురి తల్లి ఇప్పటికీ బెర్నీ కనబడితే రోడ్డు దాటి అవతలికి పోతుంది.

ఇంత నోరున్న మనిషికి మొగుడు లీలాండ్. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. పొద్దస్తమానం చేపలు పట్టడం, సాయంత్రం వాటిని వేయించి ఊరికి పెట్టడం, ఇంతే ఆయన జీవితం. ఇరవై ఏళ్ళుగా రెండొందల ముప్ఫై పౌండ్లు. బెర్నీకి ఆయనే కొలత. "ఈ బండిలో తొమ్మిది లీలాండ్లు, ఒక పాప," అని తనలో తాను గొణుక్కుని మీట తిప్పేది. లీలాండ్ కి అది తెలుసు. "నేను తగ్గితే పార్కు మూతపడుతుంది," అంటూ రెండో ప్లేటు అందుకునేవాడు.

పోయినేడాది కొత్త మేనేజరు వచ్చాడు, కైల్ బ్రెన్నర్ అని. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికి సులువుగా ఉండేది.

"ఇన్సూరెన్స్ వాళ్ళు అడుగుతున్నారు బెర్నీ గారూ," అన్నాడు చలికాలం మధ్యలో మమ్మల్నిద్దర్నీ ఆఫీసుకు పిలిచి. "బండి బరువు ఎవరు చూస్తారంటే నేనేం చెప్పాలి? ఒకావిడ కిటికీలోంచి చూస్తుందని చెప్పనా?"

"చెప్పు. ఉన్నమాటేగా."

"ప్లాట్‌ఫాంలో తూకం పలకలు వేయిస్తే కంప్యూటరే చూసుకుంటుంది. మిమ్మల్ని పార్కింగ్ గేటు దగ్గర పెడతాను. నీడ ఉంటుంది, కుర్చీ ఉంటుంది."

"నా కుర్చీ నాకుంది. నువ్వు నూట అరవై ఎనిమిది ఉన్నావు బాబూ, అందులో నాలుగు ఆ బూట్లవే. ఆ నీడ అంత బాగుంటే గేటు దగ్గర నువ్వే కూర్చో."

కైల్ నవ్వాడు. నవ్వి పందెం పెట్టాడు. మా పార్కులో ఒక ఆనవాయితీ ఉంది. మే నెలలో గేట్లు తీసే రోజు, జనం రాకముందు, మొదటి బండిలో పనివాళ్ళ ఇంటివాళ్ళు ఎక్కాలి. మేం బిగించిన బోల్టుల మీద ముందు మా వాళ్ళే తలకిందులు కావాలని ఎవడో పెద్దమనిషి పెట్టిన రూలు. ఆ రోజు ఒక పలక తెచ్చి పెడతానన్నాడు కైల్. ఎక్కే ప్రతి మనిషి బరువూ బెర్నీ ముందు చెప్పాలి, తర్వాత పలక చెబుతుంది. ఒక్కరి విషయంలో పది పౌండ్లు తేడా వచ్చినా బూత్ తాళాలు ఇచ్చెయ్యాలి. రాకపోతే ఆమె ఉన్నన్నాళ్ళూ పలకల ఊసెత్తడు.

"పది దేనికి? అయిదు పెట్టు," అంది బెర్నీ.

బయటికొచ్చాక నేను చీవాట్లు పెట్టాను. "నీకు పిచ్చా? ఆ బూత్ పోతే ఏం చేస్తావ్? ఇంట్లో కూర్చుని లీలాండ్ ని తూస్తావా?"

"ఆ బూత్ పోతే నేను బతకను," అంది, నవ్వకుండా. "అందుకే పోదు. నీ పొట్ట సంగతి చూసుకోరా డువైన్, సీజన్ లేనప్పుడల్లా పెంచుతావ్."

ఆ మే నెల పొద్దున సరస్సు మీంచి గాలి కోసేస్తోంది. వచ్చినవాళ్ళంతా కోట్ల మీద కోట్లు తొడుక్కుని దుప్పటి మూటల్లా ఉన్నారు. కైల్ ముఖం వెలిగింది. ఇన్ని బట్టల కింద ఏం కనబడుతుందని అతని ఆశ. బెర్నీ బూత్ లో కూర్చుని మైకు తట్టింది.

"అందరూ జేబులు ఖాళీ చెయ్యండి! తాళాలు, ఫోన్లు, కట్టుడు పళ్ళు, ఏవున్నా తొట్టిలో వేసి రండి."

ఇది ఆమె రోజూ పెట్టే కేక. వాలై రెండుసార్లు తలకిందులవుతుంది, జేబుల్లో ఉన్నదంతా నా షెడ్డు మీద పడుతుంది. ఒకసారి కట్టుడు పళ్ళు నిజంగానే దొరికాయి, అడగడానికి ఎవరూ రాలేదు.

మొదట మా మరదలు లొరెట్టా వచ్చింది. "నూట తొంభై ఒకటి," అంది మైకు. పలక నూట తొంభై చూపించింది. "కోటుతో కలిపీ!" అని లొరెట్టా పార్కంతా వినబడేలా అరిచింది. తర్వాత వేపుళ్ళ కొట్టు ప్యాటీ మొగుడు, ఒక్క పౌండు తేడా. ప్యాటీ కవల కూతుళ్ళలో ఎవరు మూడు పౌండ్లు ఎక్కువో కూడా చెప్పింది, వాళ్ళిద్దరూ అక్కడే కొట్టుకోబోయారు. జనం చప్పట్లు. కైల్ కూడా చప్పట్లు కొట్టాడు, ఏం చేస్తాడు పాపం. ఒక్కొక్కరూ ఎక్కి కూర్చున్నారు, జారిపోకుండా ఒళ్ళోకి కమ్మీలు పడ్డాయి. చివరికి ముందు వరసలో ఎడమ సీటు మిగిలింది. అది ఎప్పుడూ లీలాండ్ దే.

బెర్నీ తలెత్తలేదు. మీట సరిచేసుకుంటోంది. "లీలాండ్. రెండొందల ముప్ఫై."

"అది మేమూ చెబుతాం!" అన్నారెవరో. అందరూ నవ్వారు. లీలాండ్ తొట్టి పక్కనుంచి నిదానంగా నడిచి పలక వైపు పోబోయాడు.

"ఏయ్ ముసలోడా, జేబులు!"

"ఏం లేవే."

"మొగుడివైతే నీకో రూలా? తియ్యి."

లీలాండ్ నిలబడిపోయాడు. కాసేపటికి కోటు జేబులోంచి గాలానికి కట్టే సీసపు గుండు ఒకటి తీసి తొట్టిలో వేశాడు. ఠంగుమంది. ఇంకోటి తీశాడు. రెండో జేబులోంచి గుప్పెడు. "గాలం కూడా తెచ్చావా లీలాండ్?" అని ప్యాటీ మొగుడు అరిచాడు, బండంతా విరగబడి నవ్వింది. ప్యాంటు జేబుల్లోంచి ఇంకొన్ని వచ్చాయి. ఆ తర్వాత లోపలి చొక్కా కిందినుంచి, పాత కిటికీ తలుపులకు వేలాడదీసే ఇనప బరువులు రెండు తీశాడు. అప్పటికి నవ్వేవాళ్ళు తగ్గిపోయారు. ఆయన పలక ఎక్కాడు.

నూట డెబ్భై మూడు.

"చలికి పలక మొరాయించినట్టుంది," అన్నాడు కైల్ గబగబా. "ఇది లెక్కలోకి వద్దు."

బెర్నీ మొదటిసారి తలెత్తి మొగుడి వంక చూసింది. తెలియనివాళ్ళని చూసినట్టు, మెట్లెక్కి వచ్చేవాళ్ళని రోజూ చూసినట్టు చూసింది. "నీ పలక బాగానే ఉంది," అంది.

కమ్మీలు పడిన బండిని వదిలి ఆపరేటర్ దిగకూడదు. బెర్నీ దిగింది. ఆయన కోటు జిప్పు లాగింది. కింద ఉన్ని చొక్కా, దాని కింద ఇంకోటి, దాని కింద స్వెట్టరు. అన్నీ విప్పుకుంటూ పోతే చివర్లో హ్యాంగరుకు తగిలించినట్టున్నాడు మనిషి.

"ఎప్పట్నుంచి?"

"థాంక్స్‌గివింగ్ పండగ నుంచి, ఆర్నెల్లుగా. తిన్నది దిగట్లేదు."

"డాక్టరు?"

"చూశాడు. చెప్పాల్సింది చెప్పాడు."

"నడుం నొప్పని కింద గదిలో పడుకున్నది ఇందుకా? నాకు చెప్పడానికి నీకేం రోగం?"

"చెబితే నువ్వు పని మానేస్తావ్. వీడు నీ కుర్చీ లాగేసుకుంటాడు. నేను పోయాక నువ్వెక్కడ కూర్చుంటావే?"

"అందుకని సీసం మింగి వచ్చావా?"

"మింగలేదు. జేబుల్లో పెట్టుకున్నా."

బెర్నీ ఆయన నడుం చుట్టూ రెండు చేతులూ వేసి ఎత్తింది. ఆయన బూట్లు పలక మీంచి లేచాయి, అంకె సున్నా అయింది. ఎత్తగలనని ఆమె అనుకోలేదు. అలా పట్టుకుని, సిగ్గూ శరమూ లేకుండా బావురుమంది. ఊరందరి బరువూ పసిగట్టే మనిషి, రోజూ ఎదురుగా కూర్చుని తినేవాడి వంక చూడలేదు. నేను మాత్రం చూశానా? నాకు అప్పుడు పట్టరానంత కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"ఓ బెర్నీ, మమ్మల్ని దింపుతావా, ఎగరేస్తావా?" అంది లొరెట్టా సీట్లోంచి. మా మరదలికి సమయం సందర్భం ఉండవు.

"డువైన్, వీళ్ళని దింపెయ్," అంది బెర్నీ.

"దింపడమేంటి?" అన్నాడు లీలాండ్. "నేనెక్కాలి. ఇన్ని బట్టలేసుకొచ్చింది దేనికి?"

బెర్నీ ముఖం తుడుచుకుంది. ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి కమ్మీ దింపింది. లాగి చూసింది, మళ్ళీ లాగి చూసింది. బూత్ లోకి పోయి మీట ఒక పిసరు వెనక్కి తిప్పి క్లచ్ వేసింది. బండి చుట్టు తిరిగి, నిలువు పట్టా పాకి, ఎర్రగీత దగ్గర తచ్చాడి వెనక్కి జారింది. లీలాండ్ జుట్టంతా రేగిపోయి కేకలు పెడుతూ వచ్చాడు.

అందరూ దిగాక బెర్నీ తాళాలు కైల్ చేతిలో పెట్టబోయింది. అతను చేతులు వెనక్కి లాక్కున్నాడు. "పందెం వద్దు బెర్నీ గారూ. మీ బూత్ మీదే."

"యాభై ఏడు పౌండ్లు కనబడలేదు నాకు," అంది. "నన్ను ఎవరూ ఆ కిటికీలో కూర్చోబెట్టకూడదు." తాళాలు పలక మీద పెట్టి, మొగుణ్ణి ట్రక్కెక్కించి ఆస్పత్రికి తీసుకుపోయింది.

జూన్ కల్లా పలకలు వేశారు. చెప్పాలంటే కడుపు మండుతుంది గానీ, బాగానే పనిచేస్తున్నాయి. ఆ వేసవంతా బెర్నీ పార్కు వైపు రాలేదు. లీలాండ్ కి చెంచాతో సూప్ తాగించడం, ఆయన ఆ సూప్‌ని తిట్టడం, ఆమె ఆయన్ని తిట్టడం, వీధిలోకి వినబడేవి. ఆకులు రాలే ముందు ఆయన పోయాడు.

శవపేటిక మోసినవాళ్ళలో నేనున్నాను, కైల్ కూడా ఉన్నాడు. నిజం చెప్పాలంటే బరువంతా పెట్టెదే. తర్వాత చర్చి హాల్లో అందరూ హామ్ శాండ్‌విచ్‌ల మీద పడ్డారు, నేనూ పడ్డాను. బెర్నీ నల్ల గౌనులో వచ్చి నా పక్కన కూర్చుంది. నా ప్లేటు వంక కూడా చూడలేదు.

"మోశావు కదా," అంది. "బరువున్నాడా?"

నోట్లో ముక్క ఉంది. మింగాను. "అబ్బో, ఏం బరువే! ఎప్పట్లాగే ఉన్నాడు. మెట్ల దగ్గర నా భుజం ఊడిపోయిందనుకున్నా."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"అబద్ధాలకోరు," అంది. "మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.