అంకుల్ అని పిలిస్తే

మా అమ్మాయి యూనివర్సిటీలో జర్నలిజం చదువుతానన్నప్పుడు నేను వంటింట్లో కప్పులు సర్దుతున్నాను. ఐర్లండ్‌లో వంటింటి అల్మారాని ప్రెస్ అంటారు. “ప్రెస్‌లో ఉద్యోగమా? ఇదిగో, ఇక్కడే ఖాళీ ఉంది, సర్దుకో” అన్నాను. అది నవ్వలేదు. శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే వాళ్ల నాన్న మాత్రం నవ్వారు, నవ్వి దిగులు పడ్డారు. మేముండే లూకన్‌లో మాకు తెలిసిన తెలుగు పిల్లలందరూ మెడిసిన్, కాకపోతే కంప్యూటర్లు. “టీవీలో వార్తలు చదువుతుందా?” అని ఎవరైనా ఆంటీ అడిగితే, “ముందు తెలుగు చదవనివ్వండి” అని నేనే అనేదాన్ని. నా నోటికి ఆ మాత్రం దురుసుంది.

రెండో ఏడాదిలో రేడియో కోసం ఒక కార్యక్రమం చేసుకు రమ్మన్నారు. ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల్లో డాక్టర్లు కొన్ని నెలలకోసారి ఊరు మారుతుంటారు. వాళ్ల కుటుంబాల గురించి చేస్తానంది. మాకు బాగా కావలసిన డాక్టర్ ఒకాయన, వరంగల్ మనిషి, సరేనన్నారు. ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు అమ్మాయి టేబుల్ మీద ఫోన్ పెట్టి రికార్డు చేసింది. పిల్లల బళ్లు, ఇళ్ల లీజులు, మళ్లీ మళ్లీ కట్టుకునే సామాన్లు, అన్నీ ఇంగ్లీషులో చెప్పుకొచ్చారు. ఆ ఊపులోనే తన పై డాక్టర్ గురించి ఒక మాట అనేశారు. చారు వడ్డిస్తున్న నా గరిటె ఆగిపోయింది. ఈయన కాంట్రాక్టు పొడిగించాల్సింది ఆ పెద్దాయనే.

అమ్మాయికి పాఠం చెప్పే ఆవిడ చాలా ఏళ్లు రేడియో రిపోర్టరుగా తిరిగిన మనిషి. రికార్డింగ్ అంతా విని, “ఈయన మీ బంధువా?” అని అడిగారట.

కాదంది.

“మరి అన్నిసార్లు అంకుల్ అన్నావే?”

మాలో పెద్దవాళ్లందరూ అంకుల్సే అని ఇది వివరించింది. దానికి ఆవిడ, “అయితే ఆయన మాట్లాడింది రిపోర్టరుతోనా, స్నేహితుల కూతురితోనా?” అన్నారట. ఆ మాట ఉంచమనలేదు, తియ్యమనలేదు. నేను ఆవిడని ఇంతవరకు చూడలేదు. చూస్తే దణ్ణం పెడతాను.

అప్పుడు మాత్రం ఒళ్లు మండింది. “ఆయన ఒప్పుకునే కదా మాట్లాడారు. ఫోను కళ్లెదురుగానే ఉంది. ఉన్నదాంట్లో మంచి ముక్క, చేతులారా పోగొట్టుకుంటావా?” అన్నాను.

“అమ్మా, హీ ఫర్గాట్ ద ఫోన్. నేను అంకుల్ అన్నాను కదా, అందుకే” అంది. తర్వాత, “మీరు అని ఎలా మాట్లాడాలో నేర్పించు, వెళ్లి ఆయన్నే అడుగుతాను” అంది.

ఇక్కడ పెరిగిన పిల్లలకి అందరూ నువ్వే. ‘అంకుల్, నువ్వు తిన్నావా’ అంటుంటే మేమంతా ముద్దుగా నవ్వుకునేవాళ్లం. ఇప్పుడది హాల్లో పచార్లు చేస్తూ ‘మీరు అన్నారు, మీరు చెప్పారు, తీసెయ్యమంటారా’ అని వల్లె వేస్తుంటే మొదట నవ్వొచ్చింది, కాసేపటికి నేనూ పక్కన నడుస్తూ తప్పులు దిద్దాను.

నేనే కారులో వాళ్లింటికి తీసుకెళ్లాను. డాక్టర్ గారి భార్య టీ పెడతానంటూ లోపలికి వెళ్లింది. మా అమ్మాయి నిటారుగా కూర్చుని, “డాక్టర్ గారూ, మీరు అన్న మాట ఒకటి వినిపిస్తాను. రేడియోలో వెయ్యమంటే వేస్తాను, వద్దంటే తీసేస్తాను” అంది.

ఆయన నవ్వారు. “ఏందమ్మా, డాక్టర్ గారు అంటున్నవ్? నేనేమన్న తప్పు చేసిన్నా?”

వినిపించింది. ఆయన మొహంలో నవ్వు పోయింది. ట్రే పట్టుకొచ్చిన భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది.

“గిది మీ అమ్మానాన్న ముంగట అన్న ముచ్చట బిడ్డా. నా నౌకరి ఆయన చేతుల్నే ఉన్నది. తీసెయ్యి.”

మా అమ్మాయి ఎందుకని అడగలేదు, బతిమాలలేదు. ఆయన చూస్తుండగానే చెరిపేసింది. పిల్లల చదువుల సంగతి మాత్రం రికార్డింగ్ కోసం ఆయన మళ్లీ మొదటి నుంచి చెప్పారు. ఈసారి ఆస్పత్రిలో పేషెంటుతో మాట్లాడే గొంతుతో, ఒక్కో మాటా చూసుకుంటూ చెప్పారు.

యూనివర్సిటీ రేడియోలో వచ్చినప్పుడు సూపర్‌మార్కెట్ ముందు కారాపుకుని విన్నాను. ఆ ముక్క లేక కాస్త చప్పగానే ఉంది. మార్కులూ ఓ మాదిరిగానే వచ్చాయి. అయినా, అంత చిన్నది అంత పెద్ద పని చేసిందని స్టీరింగ్ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. ఈ చదువంటే మేమెందుకు భయపడ్డామో అప్పుడు గుర్తు కూడా రాలేదు.

ఇది రాస్తుంటే ఆ మాట కలం కొసదాకా వచ్చింది. పేర్లు లేవు కదా, రాస్తే ఏమవుతుంది అనిపించింది. రాస్తే చదివేవాళ్లు ఎంత ఆశగా చదువుతారో కూడా తెలుసు. కానీ ఆయన నన్ను చెల్లె అని పిలుస్తారు. రాయడం లేదు.