అడిగి తొక్కాల

ఆ రోజుల్లో నాకు అడగడమంటే అలుసు. దారి అడిగేవాడు చవట, ధర అడిగేవాడు పిరికిపంద, ఇక బయాస్‌ను అడిగే ప్రోగ్రామరైతే అసలు మనిషే కాదు. (బయాస్ అంటే కంప్యూటర్ చిప్పులో పుట్టుకతోనే ఉండే చిన్న ప్రోగ్రాం. తెర మీద అక్షరం వెయ్యమంటే వేస్తుంది, ఏ మీట నొక్కారంటే చెబుతుంది. కాస్త నిదానం.) సంతలో దళారీలాగా మధ్యలో ఆ ముసలిది దేనికి? అక్షరాన్ని నేరుగా తెర మెమరీలోకే విసిరేస్తే పోలా? అలా విసిరే కర్నెల్ (కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం) ఒకటి, హిందూపురంలో నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్లో, మూడు నెలలు తపస్సు చేసి రాశాను. దేశంలోనే మొదటిదని చెప్పుకున్నాను. (దేశమంటే మా వీధి.)

ధర్మవరంలో ఒక పట్టుచీరల యజమాని డిజైన్లు గీయించడానికి కంప్యూటర్ కొని, దాన్ని నడిపే మనిషి కావాలన్నాడు. ఆ ఉద్యోగం రాకపోతే, "గుడిబండ చేనికి పోయి శనక్కాయలు పెరుకు" అని నాయన ముందే తీర్పు చెప్పేశాడు. నా కర్నెల్ ఎక్కించిన ఫ్లాపీ జేబులో పెట్టుకొని రైలెక్కాను. బయాస్ మీద నాకున్న ఏవగింపునంతా ఎదుటి సీటాయనకు వినిపించాను. ఆయన పెనుకొండలో దిగిపోయాడు. (దిగి పక్క పెట్టె ఎక్కడం కిటికీలోంచి చూశాను.)

యజమాని మగ్గం మీదే తల నెరిసిన మనిషి. ఆయన ముందు ఫ్లాపీ పెట్టి స్విచ్చి వేశాను. తెర నల్లగా ఉండిపోయింది.

"ఏమబ్బా, ఏమీ కనపళ్ళేదే?"

"మీ తెర పోయినట్టుండాది సార్."

"అట్లనా?" అని ఆయన తను రోజూ కంప్యూటర్ నడుపుకునే డాస్ ఫ్లాపీ పెట్టాడు. పచ్చటి అక్షరాలు కళకళలాడుతూ వచ్చాయి. "ఇప్పుడు వచ్చిందే! నిన్ను చూసి సిగ్గుపడిందేమోలేప్పా."

మా సెంటర్లోది రంగుల తెర, ఆయనది ఒకే రంగుది. రెండింటికీ అక్షరాలు పెట్టే మెమరీ చోట్లు వేరు. బయాస్‌ను అడిగుంటే ఆ తేడా అదే చూసుకునేది. నేను అడగను కదా! నా ప్రతిభనంతా ఎవరూ లేని ఇంటి గోడ మీద రాసి వచ్చాను. తలవంచుకొని సంగతి చెబితే ఆయన పడీపడీ నవ్వాడు.

"మేం ఒగరి మగ్గం ఎక్కితే, యా కాలిచెక్క తొక్కితే యా పోగులు లేస్తాయని అడిగే కాలు పెడతాం. ఒగో మగ్గానికి ఒగో కట్టు. అడగకుండా తొక్కితే పోగులు తెగుతాయి. అడిగి తొక్కాల నాయనా! సోమారం మళ్ళీ రా, పో."

తిరుగు రైల్లో ఎవరి ముందూ బయాస్‌ను తిట్టలేదు. సోమవారానికి బయాస్‌ను అడిగేట్టు మార్చుకొని పోయాను. అక్షరాలు నిదానంగా, మర్యాదగా వచ్చాయి. ఉద్యోగమూ వచ్చింది.

ఇప్పుడు నిజం చెబుతాను. తపస్సు మూడు నెలలు కాదు, పదకొండు రోజులు. ఆ మొదటి కర్నెల్ కూడా మీటల కోసం దొంగచాటుగా బయాస్‌నే అడిగేది. అంతెందుకు, దాన్ని ఫ్లాపీలోంచి ఎత్తి మెమరీలో కూర్చోబెట్టిందే ఆ ముసలిది! ఎత్తుకున్న చంక దిగకుండానే తిట్టానన్నమాట. నేటి కర్నెళ్ళు పరికరాలను నేరుగానే నడుపుతాయని ఎక్కడైనా గొప్పగా చెబుతాను. ముందు ఏ యంత్రంలో ఏముందో ఆ ముసలిదాని వారసురాలైన ఫర్మ్‌వేర్‌ను అడుగుతాయన్న మాట మాత్రం మింగేస్తాను.

మొన్న పుట్టపర్తి ఆసుపత్రిలో టోకెన్ యంత్రం ముందు నిలబడి, "యాది నొక్కాలమ్మా?" అని నర్సును అడిగాను.

"ఆడ ఇంతింత అక్షరాలతో రాసుండాది గదా తాతా!"

రాసే ఉంది. నేను చదివాను కూడా. అయినా అడిగే నొక్కాను.