ఓడిన ఇంటికి పరామర్శ

ఫలితం ప్రకటించే వేళకు బయట ఇంకా ఎండ ఉన్నది. జూన్ మాసంలో ఎడ్మంటన్ నగరాన పొద్దు తొందరగా వాలదు. కమ్యూనిటీ హాలు వేదిక మీద అధ్యక్షురాలు రెండు పేర్లూ, వాటి పక్కన రెండు సంఖ్యలూ చదివారు. చిన్న సంఖ్య మా అమ్మాయిది. తేడా స్వల్పమే. కాని ఓటమికి స్వల్పమని, అధికమని వేరు వేరు పేర్లు లేవు గదా.

అది శాసనసభ ఎన్నిక కాదు. దానికి ముందు మెట్టు. మా ప్రాంతాన పార్టీ తరఫున ఎవరు నిలవాలన్నది ఇక్కడ పైనుంచి టిక్కెట్టు ఇచ్చి తేల్చరు. ఆ ప్రాంతంలో నివసిస్తూ సభ్యత్వం తీసుకొన్నవారే ఒకచోట చేరి, ఓటు వేసి తేలుస్తారు. పౌరసత్వం లేని వృద్ధులకు కూడ ఆ ఓటు ఉంటుంది. ఈ దేశంలో నేను వేయగలిగిన ఓటు అదొక్కటే. దానిని నా కూతురికి వేసి వచ్చి, కుర్చీలో కూర్చున్నాను.

మా అమ్మాయి ఫార్మసిస్టు. ఫ్యామిలీ డాక్టరు దొరకక, మందుల కౌంటరు దగ్గరే తమ నొప్పులన్నీ చెప్పుకొనే వారిని ఏళ్ళ తరబడి చూచి చూచి, ఈ మాట శాసనసభలో అడిగేవారు ఒకరుండాలని పోటీకి దిగినది. ఆమెను నమ్మి మా తెలుగువారు ఎందరో జీవితంలో మొదటిసారి ఒక పార్టీలో సభ్యులైనారు. అంతకు ముందు వారికి ఇక్కడి రాజకీయం పరుల ఇంటి పెళ్ళి. ఆమె మీద అభిమానంతో ఆ పందిట్లోకి వచ్చిన వారు, ఆమె ఓడిన బాధతో మళ్ళీ లేచిపోతారేమోనన్నదే ఆమె భయం. ఆ భయాన్ని ఆమె ముందే నాతో చెప్పుకొన్నది. “గెలిస్తే వీళ్ళు ఉంటారు నాన్నగారూ. ఓడితే ఉంటారో లేదో నాకు తెలీదు” అన్నది. ఇల్లు దాటి బయటికి రావడం వారికి ఎంత కష్టమైనదో దగ్గరుండి చూచినది గనుక, ఆమెకు తన గెలుపు కంటే అదే పెద్ద విషయమైనది.

ఆమె భయపడినట్లే జరిగినది. సంఖ్యలు చదవడం ముగిసిన మరుక్షణమే మావారందరూ లేచారు. కోపం కొంత ఉన్నది, నిజమే. అంతకంటె మర్యాద ఎక్కువ ఉన్నది. ఓడిన మనిషి కళ్ళెదుట, గెలిచినవాడికి మనం చప్పట్లు కొట్టడమేమిటన్నది మనవారి లోపలి లెక్క. ఆమె పట్ల గౌరవంతోనే ఆమెను ఒంటరిని చేసి, వరుసలు వరుసలుగా వెళ్ళిపోయారు. నాకు మోకాళ్ళ నొప్పి; లేవడం ఆలస్యమైనది. అందువల్ల మిగిలాను.

ఇక్కడి సభలకు ఒక ఆచారం ఉన్నది. ఓడినవారే వేదిక ఎక్కి, గెలిచినవారి ఎంపికను ఏకగ్రీవం చేయవలసినదిగా ప్రతిపాదిస్తారు. మా అమ్మాయి మెట్లెక్కి, మైకు ముందు నిలిచి, ఆ ప్రతిపాదన చేసినది. “బలపరిచేవారు?” అని అధ్యక్షురాలు అడిగారు. అడిగి, మావైపు ఉన్న ఖాళీ కుర్చీల వంక చూశారు. అవతలి పక్షంవారు బలపరచవచ్చునేమో. కాని అది గెలిచినవారు తమకు తాము చెప్పుకొన్న ఏకగ్రీవమవుతుంది. నేను చేయి ఎత్తాను. సాహితీసభలలో ఎన్ని వందన సమర్పణలను బలపరిచానో నాకే తెలియదు. ఆ చేయి ఎన్నడూ అంత బరువు కాలేదు.

గెలిచినాయన పంజాబీ, బడిలో ఉపాధ్యాయుడు. వేదిక దిగివచ్చి మా అమ్మాయి చేయి పట్టుకొని, వచ్చే శనివారం తన ప్రచార కార్యాలయం తెరుస్తున్నాననీ, తప్పక రావాలనీ, డాక్టర్ల సంగతి తనకంటె ఆమెయే బాగా మాట్లాడగలదనీ అన్నాడు. ఆమె వస్తానన్నది.

మరునాడు ఆదివారం. పొద్దు ఎక్కక ముందే మా ఇంటికి జనం రావడం మొదలైనది. ఒకరు పెరుగన్నం, ఒకరు పప్పు, ఒకరు చప్పటి చారు తెచ్చారు. ఎవరూ తీపి తేలేదు, తాలింపు ఘుమఘుమ లేదు. చెప్పులు విడిచి, కార్పెట్టు మీద గోడకు ఆనుకొని, తలలు వంచుకొని కూర్చున్నారు. ఎవరైనా నోరు విప్పితే “ఏం చేస్తాం, మన చేతుల్లో ఏముంది” అన్న మాటే. కాసేపు కూర్చుని, గుమ్మం దగ్గర ఒక్కమాట లేకుండా తల ఊపి వెళ్ళిపోతున్నారు. నేను ఎక్కడో చూచిన దృశ్యమే అనిపించినది గాని, వెంటనే పోల్చుకోలేకపోయాను.

పోల్చినది ఒక పెద్దావిడ. కరీంనగర్ వైపు మనిషి, బ్యాంకులో మేనేజరుగా చేసి విరమించి, కొడుకు దగ్గర ఉంటున్నారు. గుమ్మంలోనే నిలబడి గదినంతా ఒకసారి కలియజూచారు.

“ఏందిది? గోడకొరిగి కూసున్రు, మాట లేదు ముచ్చట లేదు. బతికున్న మనిషికి దినాలు జేస్తున్రా?”

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. మా అమ్మాయి తల ఎత్తినది. “అదే ఆంటీ, నేనూ చూస్తున్నా. పొద్దున్నుంచి ఒక్కరు కూడా వెళ్ళొస్తామని చెప్పలేదు.”

“ఇంకేంది బిడ్డా, పదకొండో దినం గూడ ఫిక్స్ జేసుకొని పోయిన్రు.”

అప్పుడు గది నవ్వినది. కర్మ జరిగిన ఇంటి నుంచి ‘వెళ్ళొస్తాం’ అనకుండా వెళ్ళడం మన ఆచారం; ఆ ఇంట పొయ్యి వెలిగించరాదు గనుక వండి తేవడమూ ఆచారమే. ఓడిన మనిషిని ఎలా పలకరించాలో మావారికి ఎవరూ నేర్పలేదు. చనిపోయినవారి ఇంటికి ఎలా వెళ్ళాలో మాత్రం చిన్ననాటి నుంచి చూచి ఎరుగుదురు. తెలిసినది చేశారు. వారి తప్పు ఏమున్నది?

నవ్వనివాడు ఒక్కడే. గుంటూరు వైపు కుర్రవాడు, కుర్రవాడని నా వయస్సు చేత అంటున్నాను గాని నలభై దాటినవాడే, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మంచులో ఇల్లిల్లూ తిరిగి సభ్యులను చేర్చినదీ, తన వ్యానులో వృద్ధులను హాలుకు చేర్చినదీ అతడే.

“జోకులెందుకు ఆంటీ. మన పెద్దోళ్ళని తలుపు దగ్గరే ఆపేశారు. వాళ్ళ ఓట్లు పడుంటే గెలిచేది మనమే. అప్పీల్ ఫైల్ చేద్దాం అక్కా, ఇంకా టైముంది. అది కాదంటారా, అందరం మెంబర్‌షిప్ క్యాన్సిల్ చేసుకుందాం. ఎలక్షన్‌లో మన ఓటు ఒక్కటి కూడా ఆయనకి పడకూడదు.”

అతడు చెప్పినది అబద్ధం కాదు. మా వృద్ధులు కొందరిని నిజంగానే గుమ్మంలో ఆపారు. ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు పిల్లల ఇళ్ళ మధ్య వంతుల మీద ఉంటారు: చలికాలం ఒకరింట, వేసవి మరొకరింట. చేతిలోని కార్డు మీద మాత్రం ఒక్క చిరునామాయే ఉంటుంది, అది సాధారణంగా కొడుకుది. నగరపు ఆ చివర ఉన్న కొడుకు చిరునామా చూపి, ఈ చివర కూతురి ఇంటి నుంచి వచ్చానంటే, తలుపు దగ్గర కూర్చున్న వాలంటీరు ఏం చేయగలదు? పిల్లలందరివీ తమ ఇళ్ళే అనుకొనే వారికి, అందులో ఒక్కదానినే తమ ఇల్లుగా చూపమని నిబంధన అడుగుతుందని తట్టలేదు.

“అడ్రస్ రూలు ఈమెయిల్లో పంపారు” అన్నది మా అమ్మాయి. “నేను చదివాను, నువ్వూ చదివావు. మీ అత్తగారి కార్డు మీద మీ బావమరిది అడ్రసుందని నీకు తట్టలేదు, నాకూ తట్టలేదు. వాళ్ళవైపు ముసలాళ్ళనీ అలాగే పంపేశారు. నేను అక్కడే నిలబడి చూశా. ఏమని అప్పీలు చెయ్యను?”

“చెయ్యరులే. మీరే స్టేజెక్కి ఏకగ్రీవం చేసొచ్చారుగా. మమ్మల్ని ఒక్కమాట అడిగారా?”

“అడుగుదామంటే హాల్లో ఎవరున్నారురా?”

అతడు ముఖం తిప్పుకొన్నాడు. తిప్పుకొని నా వంక చూశాడు. “మాస్టారూ, మీరన్నా చెయ్యెత్తకుండా ఉండాల్సింది.”

“కూతురు సభలో ఒంటరిగా నిలబడి ఉంటే, ఏ తండ్రి చేతులు ముడుచుకొని కూర్చుంటాడు నాయనా?”

“మేం మాత్రం పరాయోళ్ళమా అండీ? ఆ చలిలో మేం తిరిగింది ఆయన్ని గెలిపించడానికా?”

అతనిది న్యాయమైన బాధ. మా అమ్మాయి అతని పక్కన వచ్చి నేల మీద కూర్చున్నది.

“నన్ను గెలిపించడానికి తిరిగావు. నేను ఓడిపోయా. మీ అత్తగారికి డాక్టరు దొరికాడా?”

“లేదు.”

“మరి పని అయిపోలేదుగా.”

అతడు లేచి, తెచ్చిన క్యారియరు తీసుకొని వెళ్ళిపోయాడు. మిగిలినవారు కాసేపు అప్పీలు గురించే అటూ ఇటూ మాట్లాడుకొన్నారు. మా అమ్మాయి వారందరికీ కాఫీ కలిపి ఇచ్చినది. శనివారం తాను వెళ్తున్నాననీ, రమ్మని ఎవరినీ బలవంతపెట్టననీ, సభ్యత్వాలు మాత్రం వదులుకోవద్దనీ చెప్పినది.

ఆ వారమంతా ఆమె చేసిన పని నేను ప్రక్కగదిలో నుంచి విన్నాను. దుకాణం నుంచి రాగానే, తనకోసం సభ్యులైన ప్రతి ఒక్కరికీ ఫోను చేసేది. కృతజ్ఞత చెప్పేది. కొందరు ఏడ్చేవారు, కొందరు ఎదుటి పక్షాన్ని తిట్టేవారు. ఆమె ఆ తిట్లకు వంత పాడేది కాదు, వారిని మందలించేదీ కాదు, “విన్నానండీ” అనేది. ఓడినది ఆమె. ఓదార్చవలసినదీ ఆమెయే అయినది.

ఒక సాయంత్రం నాకు ఊరుకోబుద్ధి పుట్టక, నా గురువుగారి సంగతి చెప్పాను. పండిత సభలో ఒక శాస్త్ర విషయం మీద ఆయన ఓడి వచ్చిన మరునాడు, ఆ విషయం ఇక నన్ను అడగవద్దు, చదువుకోవాలంటే గెలిచిన పండితుని దగ్గరికి వెళ్ళండని మమ్మల్ని ఆ పండితుని ఇంటికే పంపించారు. మేము వెళ్ళము అన్నాము. మీరు చదువు కోసం వచ్చారా, నాకోసం వచ్చారా అని అడిగారు.

ఆమె శ్రద్ధగా విన్నది. “బాగుంది నాన్నగారూ. కానీ మీరు ఆయన శిష్యులు, చెప్తే వెళ్ళాల్సిందే. వీళ్ళు నా శిష్యులు కాదు. వాళ్ళ పనులు మానుకుని నాకోసం వచ్చారు. వెళ్ళండి అని నేను పంపలేను.”

అంతవరకు నాకు ఆ కథలో ఉన్నది గురువుగారి ఔన్నత్యం ఒక్కటే. శిష్యులుగా మేము ఆనాడు కడుపులో ఎంత అవమానం దాచుకొని ఆ వీధి నడిచామో, ఆమె మాటతోనే జ్ఞాపకం వచ్చినది.

శనివారం కార్యాలయానికి మావైపు నుంచి వచ్చినవారు కొద్దిమంది. పెద్దావిడ వచ్చారు, కొడుకునీ కోడలినీ కూడ లాక్కొని వచ్చారు. మా అమ్మాయి డాక్టర్ల గురించి కొద్ది మాటలు మాట్లాడినది. తన ఓటమి ప్రసక్తి తేలేదు. గుంటూరు కుర్రవాడు రాలేదు. ఆ తరువాత పండుగల కలయికలలో కనబడినా, నాకు నమస్కారం పెట్టి పక్కకు తప్పుకొనేవాడు.

శరత్తులో అసలు ఎన్నిక వచ్చినది. మా అమ్మాయి సెలవు రోజులలో గెలిచినాయన కరపత్రాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగేది. కొన్నిసార్లు నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. నాకు ఆ ఎన్నికలో ఓటు లేదు; కరపత్రాలు మోయడానికి ఓటు అక్కరలేదు గదా. ఒక మధ్యాహ్నం ఆ వీధిలో వరుసగా తలుపులు తడుతూ, గుంటూరు కుర్రవాడి ఇంటి ముందుకు వచ్చాము. ఈ ఇల్లు వదిలేద్దామా అని నేను అడిగాను. “వదిలేస్తే వదిలేసినట్టే అవుతుంది” అని ఆమె బెల్లు నొక్కినది.

అతడే తలుపు తీశాడు. ముందు మమ్మల్ని, ఆపైన ఆమె చేతిలోని కాగితం మీద ఉన్న ముఖాన్ని చూశాడు.

“ఈ బొమ్మ పట్టుకుని మీరు మా ఇంటికొస్తారనుకోలా అక్కా.”

“నేనూ అనుకోలేదు. నా బొమ్మ పట్టుకుని నువ్వు తిరుగుతావనుకున్నా.”

అతని పెదవి కొంచెం కదిలినది. “లోపలికి రండి, టీ తాగండి మాస్టారూ. కాగితం మాత్రం వద్దు.”

“టీ ఇంకోసారి. ఇంకా చాలా ఇళ్ళున్నాయి” అన్నది ఆమె. “ఒక్కమాట. ఓటు వేస్తావా?”

“మీరు అడుగుతున్నారు కాబట్టి, మీకోసం…”

“నాకోసం వద్దు. నాకోసం ఒకసారి వేశావు, చాలు. ఆయనకి వెయ్యకపోయినా పర్లేదు. వెయ్యడం మాత్రం మానొద్దు.”

అతడు ఒక చేత్తో గుమ్మాన్ని పట్టుకొన్నాడు. “ఆలోచిస్తానక్కా” అన్నాడు. ఆమె కాగితం ఇవ్వబోలేదు. తల ఊపి మెట్లు దిగినది. నేను కమ్మీ పట్టుకొని వెనుక దిగాను. తలుపు మూసిన చప్పుడు వినబడలేదు. మేము పక్క ఇంటి వాకిలి దాకా వెళ్ళిన తరువాత, అతడు మేజోళ్ళతోనే మెట్ల మీదికి వచ్చి కేక వేశాడు.

“అక్కా, వాళ్ళింట్లో పెద్ద కుక్కుంది. సైడు గేటు తియ్యమాకండి, ముందు తలుపుకే వెళ్ళండి. మాస్టారుగారి చెయ్యి పట్టుకోండి, అక్కడ నేల జారుద్ది.”

ఆమె నా చేయి పట్టుకొన్నది. మేము ముందు తలుపుకు వెళ్ళాము.